మీకు తెలుసా? మలుపులో బండి బరువు లెక్కలోకి రాదు!

ఆర్మూర్ నుంచి ఉత్తరానికి గోదావరి, నిర్మల్ దాటితే పాత హైవే మీద మహబూబ్ ఘాట్ మెలికలు మొదలవుతాయి.

అలాంటి చోట 241 కిలోల క్రూయిజర్ బైక్ సూపర్ మీటియర్ 650 అయినా, అందులో సగం బరువున్న బండి అయినా, 30 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే వంగాల్సింది సుమారు 23 డిగ్రీలే. వేగం 50 అయితే మాత్రం 33! క్రూయిజర్‌కు చిక్కు అక్కడే. ఫుట్‌పెగ్‌లు కిందికి ఉంటాయి గనుక చాలా మోడళ్లలో 30 డిగ్రీలకు అటూ ఇటూగానే అవి రోడ్డును గీరేస్తాయి.

ఇంకో వింత. ఎడమకు తిరగాలంటే హ్యాండిల్ ఎడమ కొసను ముందుకు నెట్టాలి. చక్రం క్షణకాలం కుడికి తిరిగి, బండి ఎడమకు వాలుతుంది. సైకిల్ మీద ఈ సంగతి గమనించినవారిలో విల్బర్ రైట్ ఒకరు. అవును, విమానం కనిపెట్టిన అన్నదమ్ముల్లో పెద్దాయనే.