ఎవరు తరుముతున్నారే? – జబ్బు నుంచి లేచాక మెల్లటి పరుగు

చలికాలం మొదలైతే చాలు, మన గ్రూపుల్లో ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "జ్వరం తగ్గి వారమైంది అక్కా, మళ్ళీ పరుగు ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?" నేను నర్సునని తెలుసు, శనివారం పొద్దున్నే పార్కులో పరుగెత్తే మనిషినని కూడా తెలుసు కాబట్టి నన్ను ట్యాగ్ చేస్తారు. కింద వెంటనే రెండు రకాల జవాబులు పడతాయి. "పూర్తిగా రెస్ట్ తీసుకో తల్లీ" అని కొందరు. "పడుకుంటే ఇంకా నీరసం, లేచి కదులు" అని కొందరు.

ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న ఇంకోటి ఉంది. "జ్వరం తగ్గింది, మళ్ళీ వంట ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?" అని. ఒళ్ళు చల్లబడిన మర్నాడే స్టవ్ ముందు నిలబడతాం. బట్టలు మెషీన్లో వేస్తాం, పిల్లల్ని స్కూల్లో దింపుతాం, హూవర్ మోసుకుంటూ మేడ మెట్లెక్కుతాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇరవై నిమిషాల పరుగుకి మాత్రం ఊళ్ళో ఉన్న మేనత్త దాకా అందరి అభిప్రాయం కావాలి. నేను రాస్తున్నది పరుగు గురించే. కానీ ఈ లెక్క తేలకుండా ఆ లెక్క తేలదు.

నా సంగతి చెప్తాను. పోయిన జనవరి మధ్యలో నాకు న్యుమోనియా వచ్చింది. హాస్పిటల్లో చేరేంత అవసరం పడలేదు, యాంటీబయాటిక్స్‌తో ఇంట్లోనే తగ్గింది. నాకు 46 ఏళ్ళు, ఆరేళ్ళుగా పరుగెత్తుతున్నా. పెద్ద వేగమేం కాదు, 5 కిలోమీటర్లకి 33, 34 నిమిషాలు. ఏప్రిల్లో ఒక హాఫ్ మారథాన్‌కి మేం నలుగురు స్నేహితురాళ్ళం పేర్లు ఇచ్చి ఉన్నాం.

జ్వరం పోయిన రోజే జబ్బు పోయిందనుకుంటారు చాలామంది. న్యుమోనియా సంగతి అలా కాదు. ఇక్కడ యూకేలో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ పేషెంట్లకి చెప్పమనే లెక్క ఒకటుంది. సుమారుగా 1 వారానికి జ్వరం పోవాలి. 4 వారాలకి ఛాతీ నొప్పి, కఫం బాగా తగ్గాలి. 6 వారాలకి దగ్గు, ఆయాసం బాగా తగ్గాలి. 3 నెలలకి దాదాపు అన్నీ పోతాయి కానీ అలసట మిగలొచ్చు. చాలామంది మామూలు మనుషులయ్యేది 6 నెలలకి. వార్డులో ఈ మాటలు నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మంచం మీద పడుకుని నాకు నేను చెప్పుకుంటే మాత్రం ఆ "6 నెలలు" వేరేగా వినిపించింది. జులై!

ఉద్యోగం విషయంలో ఈ దేశంలో ఒక మంచి పద్ధతి ఉంది. 7 రోజుల వరకూ జబ్బు సెలవుకి మనమే రాసిస్తే చాలు, అది దాటితే ఫిట్ నోట్ కావాలి. 2010లో పాత సిక్ నోట్ తీసేసి దీన్ని తెచ్చారు. 2022 జులై నుంచి డాక్టర్లే కాదు, నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోలు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు కూడా సంతకం పెట్టొచ్చు. అందులో పనికి వెళ్ళకూడదు అన్న ఒక్క మాటే ఉండదు. "ఈ సర్దుబాట్లు చేస్తే పని చేయగలరు" అని కూడా రాయొచ్చు. దానికింద నాలుగు గడులుంటాయి: విడతలవారీగా పనిలోకి రావడం, వేళలు మార్చడం, చేసే పని మార్చడం, పనిచేసే చోట ఏర్పాట్లు చేయడం. నేను అయిదో వారంలో డ్యూటీకి వెళ్ళింది ఇలాగే. మొదట రెండు వారాలు చిన్న షిఫ్టులు, బరువులెత్తే పని లేకుండా.

ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉండగా నాకు తట్టింది, ఇంటి పనికి ఇలాంటిది ఎందుకు లేదు అని. ఇంకో కాగితం తీసి దాని పక్కనే అంటించాను. అవే నాలుగు గడులు. పొద్దున టిఫిన్ మావారిది, శనివారంతో సహా. హూవర్, మేడ మీది బట్టలు మా పెద్దాడివి. సామాను మోసుకురావడం ఇద్దరిదీ. రాత్రి వంట నాది, అదీ కూర్చుని కూరలు తరిగేలా. దోసెల పిండి రుబ్బడం రద్దు, ఇండియన్ షాపులో పిండి డబ్బా దొరుకుతుంది, ఆకాశం ఊడిపడదు. మావారు మూడు రోజులు బ్రెడ్డూ ఆమ్లెట్టే పెట్టారు, నాలుగో రోజు పిల్లలే తిరగబడి ఆయన చేత ఉప్మా నేర్పించుకున్నారు. ఆ ఉప్మా గురించి ఇంతకంటే రాయను, ఆయన కూడా ఈ పత్రిక చదువుతారు.

ఇదంతా పరుగు వ్యాసంలో ఎందుకంటారా? ఒంటికి గడులు తెలియవు. ఇది షిఫ్టు, ఇది వంట, ఇది వ్యాయామం అని అది విడివిడిగా ఖర్చు రాసుకోదు, అన్నీ ఒకే సంచీలోంచి తీస్తుంది. మామూలు రోజుల్లో పన్నెండున్నర గంటల షిఫ్టులో నా వాచీ 14 వేల అడుగులు చూపిస్తుంది. ఆ పైన ఇంటికొచ్చి రెండు గంటలు నిలబడి, మర్నాడు "ఈజీ రన్" అని బయల్దేరితే అది ఈజీ ఎలా అవుతుంది? మగవాళ్ళు రాసిన పరుగు ప్రణాళికల్లో "రెస్ట్ డే" అని ఉంటుంది కదా, ఆ రోజు చపాతీలు ఎవరు చేస్తారో మాత్రం రాసి ఉండదు. అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటే. షిఫ్టు ఉన్న రోజు, నైట్ దిగిన రోజు పరుగు లేదు. వారానికి మూడు సార్లు, అవీ మధ్యలో ఖాళీ రోజుతో.

మొదలుపెట్టింది ఏడో వారంలో. అంతకు ముందు రెండు వారాలు రోజూ నడక. దగ్గు లేకుండా అరగంట చురుగ్గా నడవగలిగాకే పరుగు. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో "కౌచ్ టు 5కె" అని 9 వారాల కార్యక్రమం ఉంది, అసలు దాన్ని 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశాడు. ఎప్పుడూ పరుగెత్తని వాళ్ళకోసం చేసిందది. మొదటి వారం: 5 నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా మార్చి మార్చి 20 నిమిషాలు. ఆరేళ్ళుగా పరుగెత్తుతున్న నేను మళ్ళీ మొదటి వారం నొక్కాను. వాచీ అయితే పాపం నా ఫిట్‌నెస్ పడిపోయిందని ఎర్ర అక్షరాల్లో "అన్‌ప్రొడక్టివ్" అని చూపించింది. మంచం మీంచి లేచి ఒళ్ళు బాగుచేసుకుంటున్న మనిషిని పట్టుకుని ఆ మాట! దాన్ని తీసి సొరుగులో పడేశాను.

"మెల్లగా" అంటే ఎంత మెల్లగా? పరుగు మధ్యలో ఆగకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు ముక్కలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. నాకు దీనికి యంత్రం అక్కర్లేదు, మా అమ్మ ఉంది. ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర అంటే, చలికాలపు గడియారం ప్రకారం, తణుకులో మధ్యాహ్నం రెండు. భోజనం చేసి అమ్మ ఫోన్ కోసం కూర్చుని ఉంటుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుతూ పరుగెత్తాను.

"ఏంటే ఆ రొప్పు? మెట్లెక్కుతున్నావా?"

"పార్కులో పరుగెత్తుతున్నానమ్మా."

"ఎవరు తరుముతున్నారే నిన్ను? మెల్లగా వెళ్ళు."

అంతే, మెల్లగా వెళ్ళాను. ఏ కోచ్ చెప్పినా ఇంతకంటే ఎక్కువ చెప్పడు.

కోచ్ అంటే గుర్తొచ్చింది. ఈ జాగింగ్ అనేది జనంలోకి వచ్చిన కథలో గుండె జబ్బు వాళ్ళున్నారని తెలుసా? న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ ఉండేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మరీ హాల్‌బర్గ్ బంగారు పతకాలు తెచ్చారు. ఆయనే ఆక్లండ్‌లో గుండెపోటు వచ్చి తేరుకున్న పెద్దవాళ్ళ చేత మెల్లగా పరుగెత్తించారు. ఆ రోజుల్లో గుండెపోటంటే మంచం మీద ఉంచడమే వైద్యం. 1962లో బిల్ బోవర్మన్ అనే అమెరికన్ కోచ్ (తర్వాత నైకీ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరు) అక్కడికి వెళ్ళి వాళ్ళతో పరుగుకి దిగి వెనకబడిపోయారు. గుండెపోట్లు తట్టుకుని లేచిన డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు ఆయనకి తోడుగా నిలిచి, కబుర్లు చెప్తూ పరుగెత్తారు. బోవర్మన్ తిరిగొచ్చి వాల్డో హారిస్ అనే గుండె డాక్టరుతో కలిసి 1967లో జాగింగ్ మీద పుస్తకం రాశారు. అంటే మెల్లటి పరుగు పరుగులో తక్కువరకం కాదు. జబ్బు నుంచి లేచినవాళ్ళకి అది ముందు నుంచీ సొంతం.

శనివారాల సంగతికొస్తాను. మా ఇంటికి దగ్గర్లో బుషీ పార్కు. లండన్ నైరుతిలో, జింకలు తిరిగే పాత రాజుల పార్కు. ప్రపంచమంతా ఇప్పుడు జరిగే పార్క్‌రన్ 2004 అక్టోబరు 2న ఇక్కడే, 13 మందితో మొదలైంది. మొదలుపెట్టిన పాల్ సింటన్-హ్యూవిట్ అప్పుడు గాయంతో పరుగెత్తలేని స్థితిలో ఉన్నారు, స్నేహితుల్ని కలుస్తూ ఉండొచ్చని పెట్టారు. ఇప్పుడు ఇక్కడికి వెయ్యి మందికి పైగా వస్తారు. 2018 నుంచి ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ల సంస్థ కూడా పార్క్‌రన్‌తో కలిసి పనిచేస్తోంది. మాత్రలతో పాటు "శనివారం పార్కుకి వెళ్ళండి" అని చెప్పే డాక్టర్లున్నారు.

తొమ్మిదో వారంలో వెళ్ళాను. ప్రతి పార్క్‌రన్‌లో టెయిల్ వాకర్ అని ఒక వాలంటీర్ ఉంటారు. అందరికంటే వెనక నడవడమే వాళ్ళ పని, కాబట్టి మిగతా ఎవరూ ఆఖరు కారు. నేను ఆమెతోనే నడిచాను, మధ్యలో నిమిషం నిమిషం పరుగు. ఆమెకి డెబ్భై ఉంటాయేమో, తుంటి ఆపరేషన్ అయిందట, మనవరాలి పెళ్ళి కబుర్లు చెప్పింది. 56 నిమిషాలు పట్టింది. చివర్లో మనవాళ్ళొకరు ఫోన్ పట్టుకుని నిలబడి "ఏంటండీ, ఇంత స్లో అయిపోయారు!" అన్నారు. నవ్వేశాను కానీ గుచ్చుకుంది, దాచడం ఎందుకు. కారులో కూర్చున్నాక కాసేపు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. జబ్బు పడ్డప్పుడు పదిమంది ఫోన్ చేసి అడుగుతారు. కోలుకునే నెలల్లో ఎవరికీ మనం కనపడం, మన టైమింగే కనపడుతుంది. హాఫ్ మారథాన్ పేరు ఆ సాయంత్రమే వచ్చే ఏడాదికి మార్చుకున్నా. మిగతా ముగ్గురూ ఏప్రిల్లో పరుగెత్తారు, నేను నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడ్డాను.

మన పెద్దవాళ్ళకి ఒక మాటుంది, "తిరగబెట్టడం". తొందరపడితే జ్వరం తిరగబెడుతుంది అంటారు. ఆ భయంలో నిజముంది. పరుగెత్తిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఎల్లుండో మనిషి కుప్పకూలినట్టయితే, మెదడు మొద్దుబారినట్టుండి ఆ నీరసం రోజుల తరబడి పోకపోతే, అది మామూలు అలసట కాదు. కోవిడ్ లాంటి వైరస్ జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుంది. వాళ్ళకి "కొంచెం కొంచెం పెంచుకుంటూ పో" అన్న సలహా పనికిరాదు, హాని కూడా చేస్తుంది. దీర్ఘకాల నిస్సత్తువ జబ్బు, అదే ఎంఈ ఉన్నవాళ్ళకి వ్యాయామం మెట్టుమెట్టుగా పెంచే పద్ధతిని నైస్ 2021లో వద్దంది. అలా అనిపిస్తే పరుగు ఆపి డాక్టరుకి చెప్పండి. "బద్ధకం" అని ఎవరన్నా అంటే వినకండి.

ఇంకొన్ని గట్టిగా చెప్పాల్సినవి. జ్వరం ఉండగా, ఒళ్ళునొప్పులుండగా, ఛాతీలో దగ్గు ఉండగా పరుగు అస్సలు వద్దు. వైరస్ ఒక్కోసారి గుండె కండరాన్ని వాచేలా చేస్తుంది. అలా అని తేలితే 3 నుంచి 6 నెలలు కఠిన వ్యాయామం మానేయమంటారు డాక్టర్లు. పరుగులో ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగాలి. ఛాతీ నొప్పి తగ్గకపోయినా, కూర్చున్నా ఆయాసం పోకపోయినా, స్పృహ తప్పినా ఇక్కడైతే 999. ఇంటికెళ్ళి పసుపు పాలు తాగి చూద్దాం అనుకోవద్దు. పొద్దున లేవగానే, మంచం దిగకముందే నాడి లెక్కపెట్టుకోండి. నాకు మామూలుగా 62, జబ్బు తర్వాత 78 ఉండేది. 70 కిందికి దిగేదాకా నేను వేగం పెంచలేదు. అది నా లెక్క, మీది వేరే ఉంటుంది, మీ మామూలు అంకె మీకు తెలిసి ఉండాలి.

తిండి గురించి పెద్దగా రాయను, పథ్యం పేరుతో నెలరోజులు చారన్నమే తినకండి, అంతే. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఏది తింటే అది సరిపడా తినాలి. మన ఆడవాళ్ళలో ఐరన్ తక్కువ, శాకాహారులకి బి12 తక్కువ ఉండడం మామూలే, నీరసం పోకపోతే రక్తపరీక్ష అడగండి. యూకేలో శీతాకాలం అంతా విటమిన్ డి రోజుకి 10 మైక్రోగ్రాములు వేసుకోమని ఎన్‌హెచ్‌ఎస్ సలహా. ఇంకో మాట, పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. కంగారుపడి ఖరీదైన నూనెలు కొనకండి, చాలామందికి కొన్ని నెలల్లో అదే వస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న అక్కలు ఎండాకాలంలో ఇదే పని మాల్ లోపల నడకతో చేసుకోవచ్చు, నియమాలు అవే. పార్క్‌రన్‌కి డబ్బు కట్టక్కర్లేదు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ వస్తుంది, ఏ ఊళ్ళోనైనా అదే చెల్లుతుంది. ఆసాంతం నడిచినా ఎవరూ ఏమీ అనరు, అనే మనవాళ్ళుంటే నా దగ్గరకి పంపండి.

ఇప్పుడు ఆగస్టు. పోయిన శనివారం నా టైము 36 నిమిషాలు, పాత అంకెకి ఇంకా రెండు నిమిషాల దూరం. ఫిట్ నోట్ ఎప్పుడో తీసేశాను. దాని పక్క కాగితం మాత్రం ఫ్రిజ్ మీద అలాగే ఉంది, శనివారం టిఫిన్ ఇప్పటికీ మావారిదే. ఈ మధ్య ఉప్మా బానే కుదురుతోంది.