తిరిగొచ్చినవాళ్ళను ఊరు ఏం చేస్తుంది?

ఐర్లండ్ పల్లెల్లో ఒకప్పుడు అమెరికాకు బయల్దేరేవాళ్ళ ఇంట్లో ఆ ముందు రాత్రి జాగారం ఉండేది. చుట్టాలూ ఇరుగుపొరుగూ చేరి తాగేవారు, ఆడిపాడేవారు, తెల్లవారేసరికి ఏడ్చేవారు. శవజాగరణకు చేసే తంతే అది. పేరు కూడా ‘అమెరికన్ వేక్’ అనే పెట్టుకున్నారు. 1845లో బంగాళదుంపకు తెగులు సోకి మొదలైన కరువు 1852 దాకా సాగింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షలకు పైగా దేశం వదిలారు. కరువు పోయాకా వలస ఆగలేదు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చింది బహు కొద్దిమంది. అందుకే ఐరిష్ కథల్లో ఎవరైనా పెట్టె పట్టుకుని సొంతూళ్ళో దిగారంటే కర్మకాండ జరిగిపోయిన మనిషి గుమ్మంలో నిలబడ్డట్టే.

ఇవి ఇంటిమీద బెంగ కథలని చాలామంది అంటారు. నాకు మాత్రం ఇవి ఊరి కథలు. వచ్చినవాళ్ళను ఊరు ఎలా తూస్తుందో, ఎక్కడ పట్టుకుంటుందో చూడాలి.

జార్జ్ మూర్ 1903 నాటి సంపుటి ‘ది అన్‌టిల్డ్ ఫీల్డ్’లో ‘హోమ్‌సిక్‌నెస్’ అనే కథ ఉంది. న్యూయార్క్ బార్‌లో పనిచేసే బ్రైడెన్ జబ్బుపడి గాలిమార్పు కోసం సొంత పల్లెకు వస్తాడు. మార్గరెట్‌తో పెళ్ళి కూడా కుదురుతుంది. కానీ పదిమంది చేరి నాట్యం చేస్తే పాదిరి వచ్చి గద్దిస్తాడు, ఊరు నోరెత్తదు. ఆ అణకువ బ్రైడెన్‌కు మింగుడుపడదు. వెనక్కి ఓడెక్కేస్తాడు. ముసలితనంలో మాత్రం అతని మనసు ఆ పల్లె చెరువు చుట్టూ, మార్గరెట్ చుట్టూ తిరుగుతుంటుంది.

అందరికీ తెలిసింది ‘ది క్వైట్ మ్యాన్’. మారిస్ వాల్ష్ 1933లో రాసిన కథను జాన్ ఫోర్డ్ 1952లో సినిమాగా తీసి, ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు. ఇందులో గొడవంతా కట్నం దగ్గరే. అన్న తన కట్నం ఇస్తే తప్ప నాయిక మనసారా కాపురం చెయ్యనంటుంది. అమెరికా నుంచి వచ్చిన మొగుడికి డబ్బు అక్కర్లేదు, ఆమె పంతమూ అర్థం కాదు. చివరికి డబ్బు చేతికొస్తే ఇద్దరూ కలిసి దాన్ని నిప్పుల్లో పడేస్తారు! మన పాఠకులకు బాగా నచ్చే ఘట్టమే. అయితే ఫోర్డ్ అమెరికాలో పుట్టిన వలసదారుల బిడ్డ. ఊరంతా చివరికి చప్పట్లు కొట్టే ఆ పచ్చటి ఐర్లండ్ దూరాన్నుంచి కన్న కల. చూడ్డానికి హాయి, నమ్మడానికి కాదు.

నమ్మదగ్గ ఊరు కోల్మ్ టోబీన్ నవల ‘బ్రూక్లిన్’ (2009)లో ఉంది. అది రచయిత పుట్టిన ఎన్నిస్కార్తీయే. 1950ల్లో ఊళ్ళో సరైన ఉద్యోగం దొరక్క ఐలిష్ లేసీ బ్రూక్లిన్ వెళ్తుంది. అక్క రోజ్ హఠాత్తుగా పోవడంతో తల్లి దగ్గరికి వస్తుంది. వచ్చేముందు టోనీ అనే ఇటాలియన్ కుర్రాణ్ణి రహస్యంగా పెళ్ళాడింది. ఊరు ఆమెను తోసెయ్యదు, కావలించుకుంటుంది. ఒకప్పుడు ఇవ్వని ఉద్యోగం ఇప్పుడు ఇస్తుంది, అదీ అక్క చేసిన పనే. జిమ్ ఫారెల్ అనే మంచి సంబంధాన్ని చూపిస్తుంది. టోనీ ఉత్తరాలు కొన్ని విప్పకుండానే సొరుగులో ఉండిపోతాయి.

అప్పుడు మిస్ కెల్లీ కబురు పెడుతుంది. ఒకప్పుడు ఐలిష్ ఆదివారాలు పనిచేసిన కిరాణా కొట్టు యజమాని ఆవిడ. బ్రూక్లిన్‌లో ఐలిష్ అద్దెకున్న ఇంటావిడ ఈమెకు బంధువు. నీ సంగతి నాకు తెలుసన్నట్టు నాలుగు ముక్కలు, అంతే. సముద్రం దాటినా ఊరి నోరు దాటలేదని ఐలిష్‌కు తెలిసిపోతుంది. వెంటనే ప్రయాణం కడుతుంది. ఒక్క తిట్టు లేకుండా ఊరు మనిషిని పంపేసే తీరు ఇంత పొదుపుగా రాసినవాళ్ళు తక్కువ.

2024లో వచ్చిన దీని కొనసాగింపు నవల ‘లాంగ్ ఐలాండ్’లో ఐలిష్ మళ్ళీ ఊరికి వస్తుంది. ఈసారి 1976, తల్లి ఎనభయ్యో పుట్టినరోజు. ఇప్పుడు రహస్యాలు ఊళ్ళోవాళ్ళకూ ఉన్నాయి. జిమ్‌కే ఒకటుంది.

చదవాలనుకునేవాళ్ళు ‘బ్రూక్లిన్’తో మొదలుపెట్టండి. రెండో నవల ముందు తెరిస్తే మొదటిదాని బిగువు పోతుంది. 2015లో వచ్చిన సినిమా బాగుంటుంది గానీ, దాన్ని నవల తర్వాతే చూడండి.