ఆరనంటున్న దీపం

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చినదనుకొందాము. రంగస్థలం మెల్లమెల్లగా మసకబారవలెను. ఐదు దీపాలు తగ్గినవి; ఆరవది మాత్రం పెళ్లిపందిరిలో వలె నిండుగా వెలుగుతూనే ఉన్నది. నటుడు ఎంత ప్రతిభావంతుడైనా ఆ వెలుతురులో శ్మశానాన్ని సృష్టించలేడు. తప్పు దీపానిది కాదు, తెర వెనుక ఉన్న డిమ్మరు పెట్టెది.

1881లో లండనులోని సవాయ్ నాటకశాలకు విద్యుద్దీపాలు వచ్చిన నాటినుంచి కాంతిని హెచ్చించి తగ్గించే ఉపాయం అవసరమైనది. నిరోధక తీగచుట్టలు చాలాకాలం ఆ పని చేసినవి. అయితే దీపానికి తగ్గించిన శక్తిలో కొంత తామే వేడిగా వృథా చేసేవి. 1960 ప్రాంతం నుంచి థైరిస్టరు డిమ్మర్లు వ్యాపించినవి. ఆరవ దీపాన్ని నడిపే ఛానలు అటువంటి పాతపెట్టెలోనిదని భావించుదాము.

మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది; అనగా 100 అర్ధతరంగాలు. థైరిస్టరు ఒకేవైపు తెరచుకొనే తలుపు వంటిది. అందుచేత ఒక్కొక్క ఛానలులో రెండింటిని ఎదురుబొదురుగా అమర్చుతారు. ప్రతి అర్ధతరంగంలోను తలుపు ఎంత ఆలస్యంగా తెరచుకొంటే దీపం అంత మసకబారుతుంది.

ఇది తెలిసినవారికి రోగనిర్ణయం సగం కంటితోనే జరుగుతుంది. మీటను పూర్తిగా పైకి నెట్టినా దీపం నీరసంగా అదురుతున్నదా? ఒక తలుపు తెరచుకోవడం లేదు. 230 వోల్టులకు బదులు దీపానికి సుమారు 163 వోల్టుల ఫలితమే దక్కుతున్నది. సగం తరంగాలు అందినపుడు సగం వెలుతురైనా ఉండవలదా అని విద్యార్థి అడుగవచ్చును. ఉండదు. తంతువు చల్లబడేకొద్దీ కాంతి శక్తికంటె త్వరగా పడిపోతుంది. మిగిలేది దాదాపు మూడవ వంతు. ఈ రోగానికి కారణం థైరిస్టరే కానక్కరలేదు. దానిని మేలుకొలిపే కార్డు కావచ్చును. పక్క ఛానలులోని అటువంటి కార్డును మార్చి చూస్తే సంగతి తేలుతుంది.

మన కాటిసీను దీపం కథ వేరు. అక్కడ ఒక థైరిస్టరు లోపల కలిసిపోయినది. కలిసిపోయినది తలుపు కాదు, తలుపు ఊడిన గుమ్మం; రెండువైపులా దారే. కనుక రెండవది ఆరోగ్యంగా ఉన్నా ప్రయోజనం లేదు. రెండూ పోయినవని తొందరపడి రెండూ కొనేవారున్నారు. మెయిను స్విచ్చి ఆపి మీటరు పెట్టితే నిరోధం సున్న చూపుతుంది. అయితే రెండూ ఒకే జంటగా కలిసి ఉన్నవి గనుక, ఒకదానిని విడదీయనిదే దోషి ఎవరో తెలియదు.

పెట్టె విప్పకముందే చేయదగిన పని ఒకటున్నది. ఆ దీపాన్ని మంచి ఛానలుకు తగిలించి చూడవలెను. దోషం దీపంతోపాటు తరలిపోతే నేరం దీపానిదో తీగదో అవుతుంది. దీపం లేకుండా వోల్టులు కొలువరాదు. పక్కనున్న కండెన్సరు గుండా జారే స్వల్పవిద్యుత్తు మీటరును మోసగిస్తుంది. ఎల్.ఇ.డి. దీపం కూడా ఇట్లే వంచిస్తుంది. ఫిలమెంటు దీపమే ఇక్కడ సత్యసాక్షి. పెట్టె విప్పడం మాత్రం అనుభవమున్న ఎలక్ట్రీషియను పని. విద్యార్థులు ప్రక్కన నిలిచి చూడవలసినదే.

ఇంతకూ థైరిస్టరు ఎందుకు పోయినది? దీపపు తంతువు తెగే క్షణంలో ఒక్కొక్కప్పుడు లోపల మెరుపు లేచి, విద్యుత్తు వరదవలె ప్రవహిస్తుంది. మామూలు ఫ్యూజు కరగడానికి పట్టే ఆ స్వల్పకాలంలోనే థైరిస్టరు ప్రాణం పోతుంది. అందుకే ఇసుక నింపిన వేగవంతమైన ఫ్యూజును పెట్టుతారు. దాని వెల ఎక్కువని దాని స్థానంలో రాగితీగ చుట్టే అలవాటు ఒకటి ఉన్నది. ఆ పొదుపువల్ల మరునాడు కొత్త థైరిస్టరు కాలిపోతుంది. అంతకంటె దారుణంగా, తెరలున్న చోట తీగలు వేడెక్కుతాయి. తెరకు నిప్పంటితే బాలనటుల గతి ఏమి?

కొత్త థైరిస్టరు బిగించి, అసలు రకపు ఫ్యూజునే పెట్టి, మొదట నూరు వాట్ల దీపంతో మీటను అడుగునుంచి పైవరకు మెల్లగా నడపవలెను. వెలుతురు ఎక్కడా ఎగిరిపడకుండా పెరిగితే అప్పుడు నాటకదీపాన్ని తగిలించవచ్చును.