మట్టి, కండరం, బోదకాలు

1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రి బడిలో చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించుకొని 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఒక రంగుతో ముడిపడి ఉంది. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉందో తేల్చడానికి హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతిలో పరీక్షనాళికలోని ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఈ కొలతే దారి చూపగా, కండరం పనిచేసేటప్పుడు తరిగి, విశ్రాంతిలో మళ్లీ కూడుకునే ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తినిల్వ పదార్థం 1927లో వెలుగుచూసింది.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారాక ఆయన దృష్టి మట్టి మీదికీ మళ్లింది. పొలం మట్టిలో బూజులా దారాలు అల్లుకుంటూ పెరిగే సూక్ష్మజీవులు తోటి జీవులను అణచే రసాయనాలను స్రవిస్తాయి గనుక వాటిని మందుగా మలచవచ్చన్న ఆలోచనతో సాగిన అన్వేషణలో, వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరి గడ్డిపొలపు మట్టిలో బంగారువన్నె జీవిని గుర్తించగా, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అయితే గోదావరి జిల్లాలకు అంతకన్నా దగ్గరి మందు హెట్రజాన్, అంటే డైఇథైల్ కార్బమజైన్. సుబ్బారావు నాయకత్వంలోనే తయారైన ఈ మందు, దోమకాటుతో ఒంట్లో చేరి బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలను రక్తంలోంచి తొలగిస్తుంది. ఆయన పేరు విననివారు కూడా మింగిన ఈ డీఈసీ మాత్రనే ఫైలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది డెల్టా గ్రామాల్లో ఇంటింటికీ పంచారు.