యంత్రభాగాల ప్రతిబల విశ్లేషణ: పరిమిత మూలక సాఫ్ట్‌వేర్ ఫలితాల విశ్వసనీయత

వ్యాససంగ్రహం:
యంత్రభాగాలలో ఏర్పడే ప్రతిబలాలను లెక్కించడానికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, అనగా పరిమిత మూలక పద్ధతిపై ఆధారపడిన సాఫ్ట్‌వేర్లు నేడు కళాశాల ప్రాజెక్టుల నుంచి ఉన్నత పరిశోధనల వరకు వాడుకలో ఉన్నాయి. అవి చూపే గరిష్ఠ ప్రతిబలం భాగపు స్వభావంతో పాటు విశ్లేషకుడు ఎంచుకొన్న మూలకాలపై, మెష్‌పై, ఆధారాలపై కూడా ఆధారపడుతుంది. ఆ సంఖ్యను ఎప్పుడు నమ్మవచ్చో రంధ్రమున్న పలక ఉదాహరణతో వివరించడం, పరీక్ష లోపిస్తే కలిగే పరిణామాన్ని 1991 నాటి నార్వే ఘటన ద్వారా చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రతిబలం, పరిమిత మూలక పద్ధతి, మెష్, ప్రతిబల కేంద్రీకరణ, అభిసరణ.

1. ఉపోద్ఘాతం

ఒకే మందం గల కడ్డీని లాగినప్పుడు ఏర్పడే ప్రతిబలాన్ని తెలుసుకోవడానికి బలాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే సరిపోతుంది. అయితే యంత్రభాగాలలో రంధ్రాలు, కీవేలు, వ్యాసం హఠాత్తుగా మారే మెట్లు ఉంటాయి. ఆ చోట్ల ప్రతిబలం సగటు కంటే చాలా ఎక్కువగా కేంద్రీకృతమవుతుంది. అనంతమైన పలకను ఒక దిశలో లాగినప్పుడు, అందులోని వృత్తాకార రంధ్రపు అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుందని 1898లో జర్మన్ ఇంజనీరు కిర్ష్ గణితపరంగా చూపాడు. ఇలాంటి ఖచ్చితమైన సాధనలు సరళమైన ఆకృతులకు మాత్రమే లభిస్తాయి. క్లిష్టమైన ఆకృతుల విషయంలో ఉజ్జాయింపు పద్ధతులను ఆశ్రయించక తప్పదు.

1943లో కూరంట్ త్రిభుజాలుగా విభజించిన ప్రాంతంపై ఉజ్జాయింపు సాధనను ప్రతిపాదించాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమాన నిర్మాణాల దృఢత్వంపై ప్రకటించిన పత్రం ఈ పద్ధతిని ఇంజనీరింగ్ రంగంలో స్థిరపరచింది. 1960లో క్లఫ్ దీనికి నేటి పేరు పెట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పట్టా పొందిన జె.ఎన్.రెడ్డి రచించిన పాఠ్యగ్రంథం ఈ విషయంలో ప్రపంచవ్యాప్తంగా చదివే పుస్తకాలలో ఒకటి.

2. పద్ధతి పనిచేసే తీరు

ఈ పద్ధతిలో భాగాన్ని చిన్న చిన్న మూలకాలుగా విభజిస్తారు. మూలకాలు నోడ్‌ల వద్ద కలుస్తాయి. ప్రతి మూలకంలోనూ స్థానభ్రంశం ఒక సరళమైన బహుపది రూపంలో మారుతుందని భావించి, దాని దృఢతా మాత్రికను రూపొందిస్తారు. అన్నింటినీ కూర్చగా వచ్చే సమీకరణాలను సాధిస్తే నోడ్‌ల స్థానభ్రంశాలు లభిస్తాయి. వాటి అవకలనాల నుంచి వికృతులు, వికృతుల నుంచి హుక్ నియమం ద్వారా ప్రతిబలాలు వస్తాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సాఫ్ట్‌వేర్ నేరుగా కనుగొనేది స్థానభ్రంశాన్ని. ప్రతిబలం దాని నుంచి రాబట్టినది. అందువల్ల ప్రతిబలంలో దోషం ఎక్కువ. ఏకఘాత మూలకాలలో మూలకం పరిమాణాన్ని సగం చేస్తే, సాధారణంగా స్థానభ్రంశపు దోషం నాలుగో వంతుకు తగ్గుతుంది. ప్రతిబలపు దోషం సగానికి మాత్రమే తగ్గుతుంది. స్థానభ్రంశం స్థిరపడినంత మాత్రాన ప్రతిబలం కూడా స్థిరపడిందని భావించరాదు.

మూడు నోడ్‌ల త్రిభుజ మూలకంలో ప్రతిబలం అంతటా ఒకే విలువ కలిగి ఉంటుంది. పక్క మూలకంలోకి వెళ్ళగానే హఠాత్తుగా మారుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ విలువలను నోడ్‌ల వద్ద సగటు చేసి నునుపైన రంగుల చిత్రంగా చూపుతుంది. ఆ నునుపుదనం ఖచ్చితత్వానికి నిదర్శనం కాదు. సగటు చేయని ప్రతిబలాలను చూసినప్పుడు పక్కపక్క మూలకాల మధ్య పెద్ద తేడాలు కనిపిస్తే, అక్కడ మెష్ చాలలేదని అర్థం.

3. రంధ్రమున్న పలక: ఒక పరీక్ష

100 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న పొడవైన ఉక్కు పలక మధ్యలో 10 మి.మీ. వ్యాసం గల రంధ్రం ఉందనుకొందాం. దానిని 50 కిలోన్యూటన్ల బలంతో లాగితే రంధ్రానికి దూరంగా ప్రతిబలం 100 మెగాపాస్కల్‌లు. రంధ్రం వద్ద మిగిలిన వైశాల్యంపై సగటు 111 మెగాపాస్కల్‌లు. ఈ నిష్పత్తులకు ప్రతిబల కేంద్రీకరణ గుణకం సుమారు 2.72 కనుక, రంధ్రపు అంచున గరిష్ఠ ప్రతిబలం సుమారు 302 మెగాపాస్కల్‌లు.

రెండు సౌష్ఠవాల వల్ల నాలుగో వంతు పలకను నమూనాగా తీసుకొంటే చాలు. అప్పుడు ఆధారాల వద్ద ప్రతిచర్యా బలాల మొత్తం 25 కిలోన్యూటన్లు రావాలి. రాకపోతే బలాన్నో ఆధారాలనో తప్పుగా ఇచ్చినట్లే. తరువాత రంధ్రం చుట్టూ మూలకాల పరిమాణాన్ని సగానికి, మళ్ళీ సగానికి తగ్గిస్తూ లెక్కించాలి. ముతక మెష్‌తో వచ్చే విలువ సాధారణంగా 302 కంటే తక్కువగా ఉండి, క్రమంగా దానిని సమీపిస్తుంది. ఇదే అభిసరణ.

సంఖ్య సరిగా వచ్చిన తరువాత దాని అర్థాన్ని కూడా పరిశీలించాలి. పలక ఈల్డ్ ప్రతిబలం 250 మెగాపాస్కల్‌లైతే, 302 అనేది వాస్తవంలో ఏర్పడే ప్రతిబలం కాదు. పదార్థం ఎప్పటికీ స్థితిస్థాపకంగానే ఉంటుందన్న ఊహ నుంచి వచ్చిన విలువ. స్థిరమైన భారం కింద సాగే గుణమున్న ఉక్కు అక్కడ స్వల్పంగా ఈల్డ్ అయి భారాన్ని పక్కకు పంచుతుంది. భారం పదేపదే మారుతుంటే మాత్రం ఫెటీగ్ పగులు మొదలయ్యేది ఆ అంచు నుంచే.

4. స్థిరపడని ప్రతిబలం

కొన్ని చోట్ల మెష్‌ను ఎంత సూక్ష్మం చేసినా ప్రతిబలం పెరుగుతూనే పోతుంది. ఫిల్లెట్ లేకుండా గీసిన లోపలి మూల ఇందుకు ఉదాహరణ. స్థితిస్థాపకతా సిద్ధాంతం ప్రకారం అక్కడ ప్రతిబలం అనంతం. కాబట్టి సాఫ్ట్‌వేర్ చూపే విలువ మూలకం పరిమాణాన్ని తెలుపుతుందే కాని భాగపు బలాన్ని కాదు. ఒకే నోడ్‌పై ఉంచిన భారం, ఒకే నోడ్‌కు ఇచ్చిన ఆధారం వద్ద కూడా ఇదే జరుగుతుంది. ఆ మూలలో ప్రతిబలం అవసరమైతే అసలు ఫిల్లెట్ వ్యాసార్థాన్ని నమూనాలో చేర్చాలి.

5. పరీక్ష లోపించిన ఫలితం

1991 ఆగస్టు 23న నార్వేలోని స్టావాంగర్ సమీపంలో స్లీప్నర్-ఎ చమురు వేదిక కాంక్రీటు అడుగుభాగం పరీక్ష సమయంలో మునిగిపోయింది. ప్రాణనష్టం జరగలేదు, ఆర్థిక నష్టాన్ని సుమారు 70 కోట్ల డాలర్లుగా అంచనా వేశారు. కణాల మధ్య త్రికోణ ఖాళీల గోడ పగిలి నీరు లోనికి వచ్చింది. ఆ గోడల వద్ద వాడిన మెష్ సరిగా లేకపోవడం వల్ల కోత బలం 47 శాతం తక్కువగా లెక్కకు వచ్చిందనీ, ఉక్కు అమరిక కూడా చాలలేదనీ దర్యాప్తులో తేలింది. తరువాత జాగ్రత్తగా చేసిన పరిమిత మూలక విశ్లేషణ 62 మీటర్ల లోతున వైఫల్యాన్ని సూచించింది. వాస్తవంగా అది 65 మీటర్ల వద్ద జరిగింది. ఇది యంత్రభాగం కాకపోయినా పాఠం ఒకటే. రెండుసార్లూ పద్ధతి అదే, దానిని ప్రయోగించిన తీరే వేరు.

6. ముగింపు

గరిష్ఠ ప్రతిబలం ఈల్డ్ విలువ కంటే తక్కువ కనుక రూపకల్పన సురక్షితమని, ఒక్క రంగుల చిత్రం ఆధారంగా నిర్ధారించడం శాస్త్రీయం కాదు. మూలకం రకం, పరిమాణం, కనీసం మూడు మెష్‌లతో చూపిన అభిసరణ, ఆధారాల సమర్థన, ప్రతిచర్యల సరిపోలిక, చేతిలెక్కతోనో ప్రయోగంతోనో పోలిక ప్రతి సిద్ధాంతగ్రంథంలోనూ ఉండాలి. ప్రమాణాల ఐక్యత కూడా ముఖ్యమే: మిల్లీమీటర్, న్యూటన్, సెకండ్ వాడేటప్పుడు ఉక్కు సాంద్రతను ఘనపు మి.మీ.కు 7.85×10⁻⁹ టన్నులుగా ఇవ్వాలి. ఈ వివరాలు ఉన్నప్పుడే మరొక పరిశోధకుడు అదే లెక్కను తిరిగి చేసి, ఫలితాన్ని ఒప్పుకోవడానికైనా ఖండించడానికైనా వీలవుతుంది.