గోధుమ మానినా తగ్గని బాధ: పాలను పరీక్షించడం ఎలా?

చివరి ముద్ద పెరుగన్నం కానిదే మన ఇళ్ళలో భోజనం పూర్తయినట్లు కాదు. పసిబిడ్డకైనా, ముసలివారికైనా నీరసంగా ఉందంటే మనకు మొదట తోచే మందు గ్లాసెడు పాలు. అటువంటి ఇళ్ళలో “పాలు పడటం లేదేమో” అన్న అనుమానం చాలా ఆలస్యంగా పుడుతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

మా అమ్మాయికి పదకొండవ ఏట సీలియాక్ వ్యాధి ఉన్నట్లు తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఆమెకు జీవితాంతం నిషిద్ధమని వైద్యులు చెప్పారు. చపాతీలు, బ్రెడ్డు, బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, బిస్కట్లు అన్నీ ఆ వారంలోనే ఇంటినుండి నిష్క్రమించాయి. పిల్ల చిక్కిపోయిందన్న బెంగతో మా ఆవిడ, అప్పట్లో మా దగ్గరకు వచ్చి ఉన్న మా అమ్మ, ఆ లోటును పాలతో పూరించారు. ఉదయం గ్లాసెడు పాలు, బడినుండి రాగానే పాలకోవా, రాత్రి పరమాన్నం. రెండు నెలలు గడిచినా కడుపుబ్బరం, నొప్పి, నీళ్ళ విరేచనాలు తగ్గలేదు.

“ఇంత కట్టుదిట్టంగా ఉన్నా తగ్గనప్పుడు ఈ పథ్యం ఎందుకు నాన్నా? నేనూ అందరితోపాటు పిట్సా తింటాను” అని ఆ పిల్ల అడిగిన రోజున నా దగ్గర సమాధానం లేదు. రసాయనశాస్త్రంలో డాక్టరేటు ఉండి కూడా కన్నబిడ్డ ప్రశ్నకు బదులు చెప్పలేకపోయాను. తరువాత వైద్యుల సలహాతో మేము వెతికి తెలుసుకున్న సమాధానాన్ని, ఇటువంటి పథ్యంలో ఉన్న ఇతర కుటుంబాలకు ఉపకరిస్తుందన్న ఆశతో ఇక్కడ వివరిస్తున్నాను.

గోధుమకూ పాలకూ సంబంధమేమిటి?

గోధుమకు ఈ వ్యాధితో సంబంధం ఉందని నిరూపించినవాడు విల్లెం డికె అనే డచ్చి శిశువైద్యుడు. ఆయనకు ఆ అనుమానం రెండవ ప్రపంచయుద్ధానికి ముందే ఉండేది. 1944–45 చలికాలంలో హాలండులో రొట్టెకు కరవు వచ్చినప్పుడు రోగగ్రస్తులైన పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడటం ఆ అనుమానాన్ని బలపరిచాయి. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసం ఈ పథ్యానికి పునాది.

మన చిన్నప్రేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మఖమలు గుడ్డ మీది నూగువలె లక్షలాది సూక్ష్మమైన చూషకాలు దానిని కప్పి ఉంటాయి. ఆహారసారం రక్తంలోకి ప్రవేశించేది వీటిగుండానే. సీలియాక్ వ్యాధి ఉన్నవారు గ్లూటెన్ తిన్నప్పుడు, శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థ తన ప్రేగు మీదనే దాడి చేస్తుంది. చూషకాలు అరిగి, గోడ చదునవుతుంది.

ఇక పాల సంగతి. పాలలోని చక్కెర పేరు లాక్టోసు. గ్లూకోసు, గాలక్టోసు అనే రెండు చిన్న చక్కెరలు జతకట్టగా ఏర్పడిన అణువు ఇది. ఈ జత విడిపోతేనే గాని శరీరం దానిని పీల్చుకోలేదు. విడగొట్టే పని లాక్టేసు అనే ఎంజైముది. ఈ ఎంజైము ఉండే చోటు చూషకాల పైభాగపు కణాల మీద. చూషకాలు అరిగితే లాక్టేసు తగ్గిపోతుంది. ప్రేగు మానుతున్నప్పుడు అది తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది.

విడిపోని లాక్టోసు నీటిని తనవైపు లాక్కుంటూ పెద్దప్రేగుకు చేరుతుంది. అక్కడి బాక్టీరియాలు దానిని పులియబెట్టి ఉదజని, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేను తయారుచేస్తాయి. పాలు తాగిన అరగంట మొదలు కొన్ని గంటల లోపల ఉబ్బరం, గుడగుడలు, నొప్పి, విరేచనాలు కలిగేది ఇందువల్లనే. గ్లూటెన్ తిన్నప్పటి బాధ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కనుక రెంటినీ వేరుచేయడం కష్టమవుతుంది.

“పాలు పడవు” అన్న మాటకు మూడు అర్థాలు

మొదటిది ఇప్పుడు చెప్పినది: ప్రేగు దెబ్బతిన్నందువల్ల తాత్కాలికంగా లాక్టేసు తగ్గడం. ప్రేగు మానితే ఇది సాధారణంగా సర్దుకుంటుంది. పిల్లలలో కొన్ని నెలలు, పెద్దలలో ఒక్కొక్కసారి ఏడాదికి పైగా పడుతుంది.

రెండవది వంశపారంపర్యం. బాల్యం దాటాక లాక్టేసు తగ్గిపోవడం మానవజాతిలో అధికసంఖ్యాకులకు సహజలక్షణం. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి ఐరోపావారిలో ఒక జన్యుపు మార్పువల్ల వస్తున్నదని 2002లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు గుర్తించారు. అదే మార్పు ఉత్తరభారతంలో కంటె దక్షిణభారతంలో తక్కువ మందిలో కనబడుతుంది. కాబట్టి తెలుగువారిలో ఈ రకం ఏమాత్రం అరుదు కాదు. ప్రేగు పూర్తిగా మానినా ఇది పోదు.

మూడవది పాలలోని కేసీను వంటి మాంసకృత్తుల పట్ల ఎలర్జీ. ఇది చక్కెరకు సంబంధించినది కానే కాదు. పాలు తాగిన కొద్దిసేపటిలో దద్దుర్లు, పెదవుల వాపు, ఉబ్బసం, వాంతులు కనబడితే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయరాదు. వెంటనే వైద్యుని ఆశ్రయించాలి.

పాలను నిందించే ముందు

నిజానికి మా వంటింట్లో దొరికిన మొదటి దొంగ ఇంగువ! మనం కొనే ఇంగువ చాలావరకు శుద్ధమైన ఇంగువ కాదు. జిగురుతోను, పిండితోను కలిపి చేసినది. ఆ పిండి తరచుగా గోధుమపిండే. గ్లూటెన్ ఏదీ ఇంట లేదని మేము నిశ్చింతగా ఉన్న రెండు నెలలూ చారులో, పప్పులో అది పడుతూనే ఉన్నది. బియ్యప్పిండితో చేసినవి కూడా దొరుకుతాయి గనుక డబ్బా మీది అక్షరాలు చదవడం తప్పనిసరి.

ఇటువంటివి మరికొన్ని ఉన్నాయి. పాలలో కలుపుకునే మాల్టు పొడులలో బార్లీ, కొన్నిటిలో గోధుమ కూడా ఉంటాయి. వాటిని తాగి జబ్బుపడితే నేరం పాల మీదకు పోతుంది. మామూలు సోయా సాసులో గోధుమ ఉంటుంది. చపాతీలు కాల్చిన పెనం మీదనే దోసె పోసినా, గోధుమలు ఆడిన మరలోనే బియ్యం పట్టించినా ప్రమాదమే. అమెరికాలో 2013 నాటి నిబంధన ప్రకారం “గ్లూటెన్ రహితం” అని ముద్రించిన పదార్థంలో గ్లూటెన్ పది లక్షల పాళ్ళలో 20 పాళ్ళకు లోపు ఉండాలి. పథ్యం సరిగా సాగుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి వైద్యులు రక్తంలోని ప్రతిరక్షకాలను కొలిచి చూస్తారు.

ఇంగువ మార్చాక మా అమ్మాయికి కొంత తగ్గింది. లేదా తగ్గిందని మేమే అనుకున్నాము. ఉబ్బరం మాత్రం పోలేదు. అప్పుడు పాల వంతు వచ్చింది.

ఒక్కసారికి ఒక్క మార్పు

ప్రయోగశాలలో రెండు అంశాలను ఒకేసారి మార్చితే ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేము. వంటింట్లోనూ ఇదే సూత్రం. వైద్యునితో సంప్రదించి మేము చేసిన పద్ధతి ఇది.

ఒక నోటుపుస్తకంలో తిన్నది, తిన్న వేళ, బాధ కలిగిన వేళ, దాని తీవ్రత రాయడం మొదలుపెట్టాము. గ్లూటెన్ పథ్యంలో ఏ మార్పూ చేయకుండా, రెండు వారాలు పాలు, పెరుగు, మిఠాయిలు, పాలపొడి కలిసిన దుకాణపు తినుబండారాలు పూర్తిగా ఆపాము. గ్లూటెన్ లేని బిస్కట్లలో, రొట్టెలలో కూడా పాలపొడి తరచుగా ఉంటుంది. రెండు వారాలకూ బాధలో మార్పు లేకపోతే దోషం పాలది కాదనుకోవచ్చు. మా అమ్మాయికి ఉబ్బరం చాలావరకు పోయింది.

తరువాత లాక్టోసు లేని పాలు ఇచ్చాము. ఇవి మామూలు పాలే; ముందుగానే లాక్టేసు కలిపి చక్కెరను విడగొట్టి ఉంచుతారు. మాంసకృత్తులు యథాతథంగా ఉంటాయి. కనుక ఈ పాలు సరిపడి మామూలు పాలు సరిపడకపోతే దోషం లాక్టోసుది. రెండూ సరిపడకపోతే మాంసకృత్తులనో, మరొక కారణాన్నో వైద్యుడు వెతకవలసి ఉంటుంది.

మనసు చేసే మాయకు కూడా ఒక ఉపాయం చేశాము. ఆరు రోజులు మా ఆవిడ ఒకే స్టీలు గ్లాసులో, తన ఇష్టం వచ్చిన వరుసలో, మూడు రోజులు మామూలు పాలు, మూడు రోజులు లాక్టోసు లేని పాలు పోసింది. ఏ రోజు ఏవో నాకుగాని పిల్లకుగాని తెలియదు. విడిపోయిన చక్కెరలకు తీపి ఎక్కువ గనుక, రుచినిబట్టి కనిపెట్టకుండా రెంటిలోను పంచదార, ఏలకులపొడి దండిగా వేసింది. ఏడవనాడు రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాము. బాధ రాసి ఉన్న మూడు రోజులూ మామూలు పాలు పోసిన రోజులే!

ఆసుపత్రులలో ఉచ్ఛ్వాస పరీక్ష కూడా చేస్తారు. కొలిచిన లాక్టోసు తాగించి, వదిలే ఊపిరిలోని ఉదజనిని కొలుస్తారు. మొదటి కొలత కంటె అది పది లక్షలకు 20 పాళ్ళు పెరిగితే లాక్టోసు అరగడం లేదని అర్థం. ఇంటి ప్రయోగం ఎటూ తేల్చనప్పుడు ఇది ఉపకరిస్తుంది.

అన్నీ మానవలసిన పనిలేదు

పాలు పడనివారు పాడి పదార్థాలన్నిటినీ మానవలసిన అగత్యం లేదు. 240 మిల్లీలీటర్ల పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోసు ఉంటుంది. లాక్టేసు తక్కువైనవారిలో కూడా చాలామంది, ముఖ్యంగా భోజనంతో కలిపి, ఈపాటి తట్టుకోగలరు. ప్రేగు ఇంకా మానని పిల్లలకు అది ఎక్కువ కావచ్చు. పెరుగులో లాక్టోసులో కొంతభాగాన్ని బాక్టీరియాలు అప్పటికే పులియబెట్టి ఉంటాయి. పల్చని మజ్జిగలో ఇంకా తక్కువ. నేతిలో దాదాపు లేదు. విరుగుడు నీరు తీసివేసిన పనీరులో, బాగా మాగిన చీజులో కొద్దిగానే ఉంటుంది. వెన్న తీసిన పాలపొడిలో బరువులో ఇంచుమించు సగం లాక్టోసే. పాలను మరిగించి ఇగిర్చిన కోవాలో కూడా అది చిక్కబడుతుంది. బిడ్డ కోలుకోవాలని మేము రోజూ పెట్టిన పాలకోవా ఆమెకు అన్నిటికంటె ఎక్కువ హాని చేసిందన్నమాట. ఈ సంగతి మా అమ్మకు చెప్పడానికి నాకు చాలారోజులు మనసొప్పలేదు.

ప్రేగు దెబ్బతిన్నవారికి సున్నం కూడా సరిగా అందక ఎముకలు బలహీనపడతాయి. అందుచేత పాలు తగ్గించినప్పుడు ఆ లోటు పూడ్చుకోవాలి. ఇందుకు రాగులు మనకు వరం: గ్లూటెన్ లేదు, 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. నువ్వులు, మునగాకు కూడా మంచివే. మాత్రలు, డి విటమిను అవసరమా అన్నది వైద్యుడు నిర్ణయించాలి.

ఒక హెచ్చరిక. సీలియాక్ వ్యాధి అనుమానం ఉండి ఇంకా పరీక్షలు చేయించుకోనివారు ముందుగా గోధుమ మానరాదు. మానితే పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు.

ఏడాది తరువాత మా అమ్మాయి రక్తపరీక్షలు బాగున్నాయి. నోటుపుస్తకం మళ్ళీ తెరిచి, కొద్దికొద్దిగా పాలు పరీక్షించాము. అరగ్లాసు సరిపడింది, పెరుగన్నం నిత్యభోజనంలోకి తిరిగి వచ్చింది. ఆమె ప్రశ్నకు చివరకు నేను ఇచ్చిన సమాధానం ఇది: “నీ పథ్యం పని చేస్తూనే ఉందమ్మా. దాని పని పూర్తి కాకముందే మేము నీకు పాలు పోశాము.” ఆ శనివారం మా ఆవిడ బియ్యప్పిండి, జొన్నపిండి కలిపి, మాగిన చీజు తురిమి, ఇంట్లోనే పిట్సా చేసింది. అంచులు కొంచెం మాడినా, ఆ పిల్ల రెండు ముక్కలు తిని హాయిగా నిద్రపోయింది.