రొట్టెపొడి పూసిన మంచురొయ్యలను వండు విధము

వంటయిల్లు కూడ నొక శాస్త్రశాలయే. తరగతిలో మనము చదువుకొను ద్రవీభవనము, బాష్పీభవనము, గుప్తోష్ణము మున్నగునవి యన్నియు పొయ్యిమీద ప్రతిదినము జరుగుచునే యున్నవి. అట్టి దొక చిన్న వంటనుగూర్చి యీ వ్యాసమున వ్రాయబూనితిని. రొయ్యలకు రొట్టెపొడి పూసి, గడ్డకట్టించి, పొట్లములలో నమ్ముట యిప్పుడు పట్టణములయందు సామాన్యమైనది. పొట్లము విప్పి నూనెలో వైచుటయే గదా యని తలంచువారు పెక్కుమంది. నేనును నట్లే తలంచితిని.

ఒకనాటి సాయంకాలము మా యింటికి బంధువులు వచ్చిరి. నేను పొట్లమును ముందుగనే బయట పెట్టి మంచు కరగనిచ్చితిని. గంటసేపటికి రొట్టెపొడి తడిసి ముద్దయై చేతి కంటుకొనెను. వానిని బాండలిలో వేయగా పూత విడిపోయి నల్లబడెను. నూనె చిమ్మి నా ముంజేయి బొబ్బలెక్కెను. రెండవ పొట్లమును కరగనీయక పెద్దమంటపై వేచితిని. అవి చూచుటకు బంగారువన్నెతో నుండెను గాని, మా యన్నగారి కుమారుడు కొఱికి చూడగా నడుమ చల్లగను, పచ్చిగను నుండెను. పిల్లవాడు మ్రింగకమునుపే కనుగొనుట మేలైనది. పైవన్నె లోపలి పక్వమునకు సాక్ష్యము కాదని నే నారాత్రి నేర్చుకొంటిని.

ఇట్లేల జరిగెనో తెలియవలెనన్న, రొయ్య పొట్లములోనికి వచ్చిన విధము తెలియవలెను. రొయ్యల పెంపకమున ఆంధ్రప్రదేశము నేడు భారతదేశమున నగ్రస్థానమున నున్నది. 2009వ సంవత్సరమున ప్రభుత్వమువారు వన్నామి యను జాతి రొయ్యను పెంచుట కనుమతి నిచ్చినపిమ్మట భీమవరము, నెల్లూరు ప్రాంతముల చెరువులలో నిది మిక్కిలి వ్యాపించెను. పూతరొయ్యలను తయారుచేయునపుడు పెంకు నొలిచి, వీపునందలి నల్లని ప్రేగును తీసి, పిండిలో పొర్లించి, జారుపిండిలో ముంచి, రొట్టెపొడి నద్దుదురు. పూత నిలుచుటకై కొందఱు కొన్ని సెకండ్లకాలము కాగిన నూనెలో ముంచి తీయుదురు. ఇందువలన పూత వేగినట్లు కనబడును గాని లోపలి రొయ్య పచ్చిదే. మఱికొందఱు పూర్తిగా వండియే గడ్డకట్టింతురు. ఈ భేదము పొట్లముమీద వ్రాసియుండును. దానిని చదువుటయే వంటలో మొదటి పని.

గడ్డకట్టించుటలోను నొక రహస్యము కలదు. నీరు మెల్లగా గడ్డకట్టినచో పెద్ద మంచుస్ఫటికము లేర్పడి మాంసమునందలి జీవకణములను చీల్చును. కరగినప్పుడు సారమంతయు కారిపోవును. వేగముగా గడ్డకట్టినచో స్ఫటికములు సూక్ష్మములై హాని తక్కువ చేయును. క్లారెన్స్ బర్డ్స్ఐ యను అమెరికా దేశస్థుడు 1912వ సంవత్సరము మొదలు కొన్నియేండ్లు లాబ్రడారులో నుండి, అచ్చటి దేశీయులు పట్టిన చేపలు చలిగాలికి క్షణములో గడ్డకట్టి, నెలల పిమ్మట వండినను తాజావానివలె నుండుట గమనించెను. పిదప 1920 మొదలైన దశాబ్దములో నాతడు శీఘ్రముగా గడ్డకట్టించు యంత్రములను నిర్మించెను.

మన యిండ్లలో రొయ్యల వేపుడు చేయునపుడు ఉప్పు, పసుపు వేసి నీరింకువఱకు ఉడికించి, పిమ్మట నూనెలో వేచుదుము. అచ్చట నీటిని పోగొట్టుట పద్ధతి. పూతరొయ్యలలో మాత్రము నీటిని లోపలనే నిలుపవలెను. కాగిన నూనె తగులగానే పూతలోని తేమ యావిరియై వెలికి వచ్చుచు నూనెను లోనికి రానీయదు. పూత గట్టిపడి కరకరలాడును. నూనె చాలినంత కాగనిచో ఆవిరి బలహీనమై, పూత నూనెను పీల్చుకొనును. మంచు కరగనిచ్చినచో నీరు పూతను నానబెట్టును. కొంత నూనెలో పడి అడుగునకు దిగి, యావిరియై వేయిరెట్లకు మించి వ్యాకోచించి, నూనెను పైకి చిమ్మును. నా చేయి కాలుటకు కారణ మిదియే. కావున పూతరొయ్యలను కరగనీయక ఫ్రీజరునుండి తీసినవి తీసినట్లే వండవలెను. పైనంటిన మంచుపొడిని మాత్రము దులుపవలెను.

ఒక్కసారిగా నెక్కువ వేయరాదు. రొయ్యమాంసమున సుమారు నాల్గింట మూడుపాళ్లు నీరే. ఒక గ్రాము మంచు కరగుటకు సుమారు 80 కేలొరీల యుష్ణము కావలెను. అంత యుష్ణముతో నొక గ్రాము నీటిని 0 నుండి 80 డిగ్రీల సెంటిగ్రేడువఱకు కాచవచ్చును. బాండలి నిండ రొయ్యలు వేసినచో నూనెలోని వేడి నంతయు నవియే త్రాగివేయును.

ఇక వండు క్రమము. లోతైన బాండలిలో సగమునకు మించకుండ నూనె పోసి 175 మొదలు 180 డిగ్రీలవఱకు కాచవలెను. ఉష్ణమాపకము లేనిచో చిన్న రొట్టెతునకను వేసి చూడుడు. అది వెంటనే పైకి తేలి సుమారొక నిమిషములో నెఱ్ఱబడవలెను. ఐదాఱు రొయ్యలను చిల్లులగరిటెతో మెల్లగా విడిచి, మధ్యమమైన మంటపై వేచవలెను. నడితరము రొయ్యలకు రెండుమూడు నిమిషములు చాలును. పెద్దవానికి మఱికొంత కావలెను. మరల నూనె కాగినపిమ్మటనే తర్వాతి వాయి వేయవలెను. నూనె వలదనువారు వేడిచేసిన ఓవెనులో 220 డిగ్రీలయొద్ద ఒకే వరుసగా పఱచి, నడుమ నొకసారి త్రిప్పి, 10 మొదలు 12 నిమిషము లుంచవచ్చును. ఎయిర్ ఫ్రైయరులో 200 డిగ్రీలయొద్ద 8 మొదలు 10 నిమిషములు పట్టును. పొట్లముమీద వేఱుగా వ్రాసియున్నచో దానినే యనుసరింపవలెను.

పక్వమును తెలిసికొనుట కొక రొయ్యను దళసరిచోట కోసి చూడుడు. మాంసము గాజువలె పారదర్శకముగ నున్నచో ఇంకను పచ్చియే. తెల్లనై కాంతి చొరకుండ నున్నచో ఉడికినది. ఉష్ణమాపకమున్నచో నడుమ 63 డిగ్రీలు చూపవలెను. అంతకు మించి మిక్కిలి వేచినచో మాంసకృత్తులు ముడుచుకొని రొయ్య రబ్బరువలె సాగును.

మూడు హెచ్చరికలు. నూనె మండినచో నీళ్లు చల్లరాదు. పొయ్యి నార్పి మూతతో కప్పవలెను. కరగిన పూతరొయ్యలను మరల గడ్డకట్టింపరాదు. రొయ్యలు కొందఱి శరీరమునకు పడవు, ప్రాణాపాయమును కలుగవచ్చును. గాన వడ్డింపకముందే యతిథుల నడుగవలెను.

ఇప్పుడును మా యింట నప్పుడప్పుడు ఈ వంట జరుగుచునే యున్నది. ప్రతి వాయిలోను నొక రొయ్యను నేనే కోసి చూచెదను. నడుమ తెల్లగా నున్నదని నిశ్చయించుకొనిన పిమ్మటనే తక్కినవి పిల్లల పళ్లెములలోనికి పోవును.